బుడ్డి దీపం నుంచి లిథియం బ్యాట్రీ దాకా: మన తండాల రాత్రి వెలుగు చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి. సెలవులకు ఇంటికి పోయే ముందు చదివితే ఇంకా మంచిది.

మేము కదిరి చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా, ఏ కాగితం వచ్చినా "ఒరే, నువ్వు సదువుకున్నోడివి కదా, ఇదేందో చూడు" అని మా చేతికే ఇస్తారు. ఈ పోస్టు కూడా అట్లా మా చేతికి వచ్చిన ఒక ప్రశ్న నుంచే పుట్టింది.

పోయిన శెనక్కాయ పంటప్పుడు, కాయ గట్టిపడే రోజుల్లో, మా తండాలో ఒక ఇంట్లో రాత్రి కాపలాకు పోయే ముందు నెత్తికి కట్టుకునే లైటు చార్జింగు పెట్టినారు. మంచం మీద, బొంత మీద పెట్టినారు. అందరం అట్లే పెడతాం. కాసేపటికి బుస్సుమని పాము బుస కొట్టినట్టు శబ్దం, తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. పదో తరగతి చదివే తమ్ముడు బొంత అంటుకుంటుందని ఆ లైటును చేత్తో పట్టుకుని బయటికి విసిరేసినాడు. ఇల్లు మిగిలింది, పిల్లోని కుడిచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు. పెన్ను పట్టుకోవడం మళ్లీ నేర్చుకుంటున్నాడు.

ఆ రోజు తండాలో పెద్దాయన ఒకరు మమ్మల్ని అడిగినారు. "మా కాలంలో ఎన్ని బ్యాట్రీలు వాడలేదు? ఒక్కటన్నా పేలిందా? ఇప్పుడెందుకు పేలుతాండాయి?" మా పక్క టార్చిలైటునే బ్యాట్రీ అంటారని మీకు తెలుసు కదా. ఎవరో "చైనా మాలు లే" అన్నారు. కానీ ఆ మాట జవాబు కాదనిపించింది. సరైన జవాబు వెతుకుతూ పోతే మన రాత్రుల చరిత్ర దాకా పోయింది.

చీకటి మనకు కొత్త కాదు

సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని మమ్మల్ని ఎట్లా పిలిచినా, మా ముత్తాతల పని ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోయడం. దక్కను మీదికి వచ్చిన మొగలు సైన్యాలకు కూడా ధాన్యం అందించింది బంజారా బిడారులే. రైలు వచ్చినాక ఆ బతుకు పోయింది. మా కదిరి మీదుగా పోయే ధర్మవరం–పాకాల లైను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మీటరుగేజీగా వచ్చింది. ఎద్దు మోసేది రైలు మోసింది, మనం రాళ్ల నేలల్లో తండాలు కట్టుకుని కూలికి, సేద్యానికి దిగినాం.

రాత్రి అనేది మన జాతులకు ఇంకో రకంగా కూడా బరువు. 1871లో తెల్లదొరల ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వచ్చింది. ఆ జాబితాకెక్కిన కులాల వాళ్లు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మన ఎరుకల అన్నలు, అక్కలు ఉన్నారు కదా గ్రూపులో, వాళ్ల ఇండ్లల్లో స్టువార్టుపురం పేరు వినని వాళ్లుండరు. చీకట్లో మనిషి తిరిగితేనే అనుమానం. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసేదాకా, రాత్రి పూట చేతిలో దీపం పట్టుకుని ధైర్యంగా నడిచే హక్కు మన వాళ్లందరికీ లేదు. కాబట్టి టార్చిలైటు చరిత్ర మనకు ఊరికే వస్తువు చరిత్ర కాదు.

ఇంట్లో మాత్రం బుడ్డి దీపం, లాంతరు. పెండ్లికో పండక్కో పెట్రోమాక్సు. అది జర్మనీ నుంచి వచ్చిన పేరు, ఊర్లల్లో "పెట్రోమాసు లైటు" అయిపోయింది. కిరోసిను ప్రమాదం అందరికీ తెలుసు. అందుకే దానికి నియమాలుండేవి. వెలిగే దీపంలో నూనె పోయొద్దు. బోద గడ్డి దగ్గర పెట్టొద్దు. పండుకునే ముందు ఆర్పాలి. ఇవి ఏ పుస్తకంలోనూ చదవలేదు. యాడి చెప్పింది, అవ్వ చెప్పింది, చెయ్యి కాలినోడు చెప్పినాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సెల్లు బ్యాట్రీ వచ్చింది

చేత్తో పట్టుకునే గొట్టం లైటుకు అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆయనకు 1899 జనవరిలో పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దాన్ని అమ్మింది. అదే తర్వాత ఎవరెడీ అయింది. అప్పటి సెల్లు తొందరగా నీరసపడేది, కాసేపు వెలిగించి ఆర్పాలి. ఇంగ్లీషులో దానికి ఫ్లాష్ లైటు అనే పేరు అట్లా పడిందే.

మన దేశంలో ఎవరెడీ సెల్లులు చేసింది యూనియన్ కార్బైడ్ ఇండియా. అవును, 1984 డిసెంబరులో భోపాల్లో విషవాయువు వదిలి వేలమందిని చంపిన ఫ్యాక్టరీ కూడా ఆ కంపెనీదే. మన తాతలు గర్వంగా పట్టుకున్న ఎర్ర సెల్లు వెనక ఆ పేరు కూడా ఉంది. మన నెల్లూరు నుంచి నిప్పో సెల్లులు వచ్చినాయి. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ జపాను సాంకేతికతతో వాటిని చేసింది.

రెండు సెల్లుల బ్యాట్రీ, మూడు సెల్లుల బ్యాట్రీ. ఎన్ని సెల్లులుంటే అంత గొప్ప. కరెంటు రాత్రి పూట ఇచ్చే కాలంలో మోటరు వేయను పోవాలన్నా, రక్తపింజరి తొక్కకుండా దారి చూసుకోవాలన్నా, అడవి పందులు శెనక్కాయ చేనులో దిగితే తరమాలన్నా అదే దిక్కు. ఆ సెల్లులకూ మన వాళ్లు ఒక విద్య కనిపెట్టినారు. వెలుగు తగ్గితే సెల్లులు తీసి ఎండలో పెట్టేది. రాయితో మెల్లగా కొట్టేది. కొంతమంది పంటితో నొక్కేది. పాత సెల్లు ఒకటి, కొత్తది ఒకటి వేసి సర్దుకునేది. వేడికి లోపలి రసాయనం కొంచెం చురుకై ఇంకో రెండు రాత్రులు వెలిగేది నిజమే. తప్పు చేసినా ఆ సెల్లు మహా అయితే కారి, తెల్లగా పూసి, బ్యాట్రీ గొట్టాన్ని పాడు చేసేది. మనిషిని కాల్చేది అరుదు.

పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది. ఆయన బ్యాట్రీ పేలలేదంటే దాంట్లో అంత శక్తి లేదు, కాల్చే ద్రవమూ లేదు. దానిలో ఉండింది జింకు, మాంగనీసు, నీళ్లతో కలిపిన రసాయనం.

చార్జింగు లైటు, ఎల్‌ఈడీ

తర్వాత వెనక రెండు పిన్నులు బయటికి లాగి, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే లైట్లు వచ్చినాయి. లోపల 4 వోల్టుల చిన్న సీసం బ్యాట్రీ. ట్రాక్టరు బ్యాట్రీకి చిన్న తమ్ముడన్నమాట. అప్పటికే బల్బు పోయి ఎల్‌ఈడీ వచ్చింది. 1990లలో జపానులో నాకమురా నీలం ఎల్‌ఈడీని ప్రకాశవంతంగా చేసి చూపించినాకనే తెల్ల ఎల్‌ఈడీ సాధ్యమైంది. ఆయనకూ, అకసాకి, అమానోలకూ 2014లో నోబెల్ ఇచ్చినారు. బల్బు తినే కరెంటులో చిన్న వంతుతోనే ఎల్‌ఈడీ వెలిగింది. మన చేలల్లో రాత్రి మారిపోయింది.

ఈ చవక లైట్లలో చార్జింగు సర్క్యూటు చాలా సింపులుగా ఉంటుంది. బ్యాట్రీ నిండినాక ఆపే ఏర్పాటు చాలా వాటిలో ఉండదు. సీసం బ్యాట్రీ అతి చార్జింగును కొంత తట్టుకుంటుంది, ఎండిపోతుంది, చెడిపోతుంది. రాత్రంతా ప్లగ్గులో వదిలేసే అలవాటు మనకు ఇక్కడే పడింది.

లిథియం ఎట్లా వచ్చింది

1970లలో విటింగ్‌హామ్, 1980లో గుడ్‌ఎనఫ్, 1985లో జపాను ఇంజినీరు యోషినో, ఒకరి పని మీద ఒకరు కట్టుకుంటూ పోయినారు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాట్రీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు మన సెల్‌ఫోను, ల్యాప్‌టాపు, ఎలక్ట్రిక్ స్కూటరు, నెత్తి లైటు అన్నీ దాని మీదే నడుస్తాండాయి.

ఈ చరిత్రలో మొదటి నుంచీ నిప్పు ఉంది. 1989లో కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ వాళ్ల లిథియం లోహపు సెల్లులు జపాను ఫోన్లలో అంటుకుని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2006లో సోనీ సెల్లులున్న ల్యాప్‌టాపు బ్యాట్రీలను డెల్ కంపెనీ 40 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. 2016లో సామ్‌సంగ్ నోట్ 7 ఫోను తయారీనే ఆపేసినారు. ఇవన్నీ పెద్ద కంపెనీలే. కాబట్టి "చైనా మాలు" అనే ఒక్క మాటతో తేలేది కాదు.

మన తెలుగు నేల మీద 2022 చెడ్డ సంవత్సరం. ఏప్రిల్లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగులో ఉన్న స్కూటరు బ్యాట్రీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయినారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాట్రీ పేలి ఇంటాయన పోయినారు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగులో మంటలొచ్చి 8 మంది ప్రాణాలు పోయినాయి. చిత్రం ఏందంటే, అదే సెప్టెంబరులో మన తిరుపతిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీ ప్రయోగాత్మకంగా మొదలైంది. రేపు మనలో ఎవరో ఒకరు అక్కడ పనికి పోతారు. అందుకైనా ఈ వస్తువు మనకు తెలియాలి.

లోపల ఏం జరుగుతుంది

టార్చిలైట్లలో ఎక్కువగా వాడే సెల్లు పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు. మామూలుగా 3.7 వోల్టులు. నిండా చార్జింగు అయితే 4.2 వోల్టులు, అది దాటకూడదు. 2500 ఎంఏహెచ్ సెల్లులో దాచిన శక్తి, 100 మిల్లీలీటర్ల నీళ్లను మరిగేదాకా కాచేంత. ఆ శక్తి ఒక్కసారిగా చేతిలో బయటికి వస్తే ఎట్లుంటుందో ఆలోచించండి. పైగా లోపలి ద్రవం నీళ్లు కాదు, అంటుకునే రకం.

రెండు పొరల మధ్య సన్నటి ప్లాస్టిక్ పరదా ఉంటుంది. సెల్లు వేడెక్కి సుమారు 130 డిగ్రీలకు పోతే ఆ పరదా కరుగుతుంది. రెండు పక్కలూ ఒకదానికొకటి తగిలి లోపలే షార్టు అవుతుంది. వేడి ఇంకా పెరుగుతుంది, ఇంకొన్ని రసాయనాలు విడిపోతాయి, అవి ఇంకా వేడి పుట్టిస్తాయి. వాము అంటుకున్నట్టు, ఒకసారి మొదలైతే దానంతట అదే పోతుంది. చార్జింగు తీసేసినా ఆగకపోవచ్చు.

మరి మా తమ్ముని లైటుకు ఏమైంది? అడిగి తెలుసుకున్నాం. లోపలి సీసం బ్యాట్రీ చచ్చిపోతే, ఊర్లో రిపేరు చేయించినారు. సీసం బ్యాట్రీ తీసి పాత ల్యాప్‌టాపులోని లిథియం సెల్లు అతికించినారు. చార్జింగు సర్క్యూటు మాత్రం పాతదే. 4 వోల్టుల సీసం బ్యాట్రీ నిండాలంటే ఆ సర్క్యూటు 4.8 వోల్టుల దాకా పోతుంది. లిథియానికి 4.2 దాటితే ప్రమాదం. అంటే చార్జింగు పెట్టిన ప్రతిసారీ ఆ సెల్లును చావు దాకా తోసినట్టే. పైన బొంత కాబట్టి వేడి బయటికి పోలేదు. రిపేరు చేసినాయనను తిట్టి లాభం లేదు. తక్కువ డబ్బుకు లైటు వెలగాలని మనం అడిగినాం, ఆయన వెలిగించినాడు. రెండు బ్యాట్రీలకూ తేడా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. కిరోసిను వచ్చినప్పుడు దాని నియమాలు కూడా ఇంటికి వచ్చినాయి. సెల్లు వచ్చినప్పుడు దాని విద్య వచ్చింది. లిథియం మాత్రం ఒంటరిగా వచ్చింది. మనమేమో పాత సెల్లు విద్యనే దీని మీద వాడుతున్నాం. ఎండలో పెట్టడం, కొట్టడం, నొక్కడం, పాతది కొత్తది కలపడం, రాత్రంతా ప్లగ్గులో వదలడం. అప్పటి తెలివి ఇప్పుడు ప్రమాదం.

ఇంటికి పోయి చేయాల్సినవి

1. చార్జింగు పెట్టేది బండ మీద, గచ్చు మీద, మనం చూసే చోట. బొంత, మంచం, బోద, గోనెసంచి, గ్యాసు పక్కన వద్దు. వాకిలికి అడ్డంగా కూడా వద్దు, మంటొస్తే బయటికి పోయే దారి ఉండాలి.

2. నిండినాక తీసేయండి. పండుకునేటప్పుడు, చేనుకు పోయేటప్పుడు చార్జింగులో వదలొద్దు. గోడకు నేరుగా పెట్టే లైట్లను తడి చేత్తో ముట్టొద్దు, చార్జింగులో ఉండగా వెలిగించొద్దు. వాటిలో షాకు కొట్టే గుణం కూడా ఉంటుంది.

3. సీసం బ్యాట్రీ లైటులో లిథియం సెల్లు వేయించొద్దు. వేయించాల్సి వస్తే లిథియానికి తగిన చార్జింగు బోర్డు, కాపాడే బోర్డు కూడా మార్చమని అడగండి.

4. రెండు సెల్లుల టార్చిలో రెండూ ఒకే రకం, ఒకే వయసువి ఉండాలి. ఒకటి పాతదైతే అది ముందే ఖాళీ అవుతుంది, రెండోది దాని మీద బలవంతంగా కరెంటు తోస్తుంది. చాలా టార్చిలు పేలేది ఇట్లే. ప్లస్సు మైనస్సు తిరగేసి వేయొద్దు.

5. పైన చుట్టిన ప్లాస్టిక్ పొర చినిగిన సెల్లు, సొట్ట పడిన సెల్లు, ఉబ్బిన బ్యాట్రీ, తీపి వాసన వచ్చే బ్యాట్రీ వాడొద్దు. విడి సెల్లును జేబులో తాళంచెవులు, చిల్లరతో కలిపి వేయొద్దు.

6. ఎక్కువ వెలుగు మీద పెట్టి సంచిలో, గుడ్డలో చుట్టొద్దు. ఎల్‌ఈడీ తినే కరెంటులో సగానికి పైగా వేడిగానే పోతుంది. సంచిలో పెట్టేటప్పుడు స్విచ్చు పొరపాటున పడకుండా మూత కొంచెం వదులు చేయండి.

7. మన ఎండలు మీకు తెలుసు. రేకుల ఇంటి పైకప్పు కింద, ట్రంకు పెట్టెలో, బండి సీటు మీద ఎండలో పెట్టొద్దు. ఎండలో కాలిన లైటును వెంటనే చార్జింగు పెట్టొద్దు, నీడలో చల్లారనీయండి.

8. కొనేటప్పుడు 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 సెల్లు కనిపిస్తే అది అబద్ధమని తెలుసుకోండి. నిజమైన సెల్లులు సుమారు 3500 దాకానే ఉంటాయి. బీఐఎస్ గుర్తు, కింద ఆర్ తో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు.

9. చచ్చిన సెల్లులను పొయ్యిలో, చెత్తమంటలో, బావిలో వేయొద్దు. రెండు కొసలకూ టేపు అంటించి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాట్రీలు సేకరించే బాధ్యత తయారు చేసే కంపెనీలదే. మనం అడగాలి.

లైటు చేతికి కాలేంత వేడెక్కితే, బుస్సుమంటే, పొగ వస్తే చేత్తో పట్టుకోవద్దు. తమ్ముడు చేసిన పని ధైర్యమే, కానీ అది చేయొద్దు. మనుషుల్ని బయటికి పంపండి. వీలైతే మెయిను ఆపండి. ఆ పొగ విషం, పీల్చొద్దు. కరెంటు ఆపినాక, చిన్న మంటైతే దూరం నుంచి నీళ్లు ఎక్కువగా పోయండి. నీళ్లు సెల్లును చల్లార్చి పక్క సెల్లుకు పాకకుండా ఆపుతాయి. మంట ఆరినా మళ్లీ అంటుకోవచ్చు, బయట ఖాళీ చోటే ఉంచండి. పెద్దదైతే 101కి ఫోను చేయండి. కాలిన చేతి మీద 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పూయొద్దు. 108కి ఫోను చేయండి.

చివరగా

ఇదంతా చదివి లైట్లు మానేయమని కాదు. పందుల కోసం చేను చుట్టూ దొంగ కరెంటు తీగ కట్టి మనుషులు చచ్చే కంటే, మంచి లైటు పట్టుకుని కాపలా కాయడం వెయ్యి రెట్లు నయం. చదువుకునే పిల్లలకూ, ఆరుబయట రాత్రి పూట నడిచే ఆడవాళ్లకూ అది కావాలి. వెలుగు మనం ఎంతో ఆలస్యంగా సంపాదించుకున్నది, దాన్ని వదులుకోం.

మేము ఈ సెలవుల్లో ఒక పని పెట్టుకున్నాం. మా తండాలో ప్రతి ఇంటి లైటూ చూస్తాం. రిపేరు చేసింది ఏది, ఉబ్బింది ఏది అని విడదీస్తాం. యాడిలకు, అవ్వలకు వాళ్ల మాటల్లోనే చెప్తాం. లంబాడీలో చెప్తే వాళ్లకు నాటుతుంది. ఎరుకల, యానాది, చెంచు అన్నలు, అక్కలు మీ మాటల్లో మీరు చెప్పండి. అట్లే మీ తాతల కాలంలో రాత్రి ఏ దీపంతో గడిచిందో అడిగి రాసి ఇక్కడ పెట్టండి. మన చరిత్ర ఎక్కువగా రాయలేదు, అడిగితేనే దొరుకుతుంది.

తమ్ముడు ఇప్పుడు రోజూ ఒక పేజీ రాస్తున్నాడు. పోయిన వారం మాకు చూపించినాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, కానీ చదవొచ్చు. పేజీ పైన తేదీ వేసి పెట్టుకున్నాడు, ముందు ముందు ఎంత మారిందో చూసుకోవడానికంట.